ఎడమ పెట్టె మీద అనుమానం

ఇంక మిగిలింది కుర్చీ ఒక్కటే. తీగలు మార్చి చూశాడు, స్పీకరు పెట్టెల్ని అటుది ఇటు, ఇటుది అటు మోసి చూశాడు, ఎడమ గోడకి ఆనించి ఉన్న పాత రేడియోల బీరువాని జరిపి, దాని వెనక ఎప్పుడో చచ్చి ఎండిపోయిన బల్లిని ఊడ్చి, కిటికీ తెర ఊడదీసి కూడా చూశాడు. అయినా టేపులో పాడుతున్న ఆ ఆడమనిషి గొంతు నడిమధ్య నిలబడటం లేదు, ఎవరో చెయ్యి పట్టుకుని లాగుతున్నట్టు కుడివైపుకే ఒరిగి ఉంది. ఇక చెయ్యాల్సింది కుర్చీని వెనక్కి తిప్పి, పెట్టెలకి వీపు పెట్టి కూర్చోవడం. అంతే, పసిపిల్లాడు చేసే పని. అలా కూర్చుంటే ఎడమ పెట్టె అతని కుడి చెవి వైపుకి వస్తుంది, కుడి పెట్టె ఎడమ చెవి వైపుకి వస్తుంది. అప్పుడు కూడా ఎడమ పెట్టే నీరసంగా మోగితే లోపం పెట్టెది. అలా కాక కుడి పెట్టె నీరసపడితే లోపం... అక్కడిదాకా వచ్చి అతని ఆలోచన, లోపలికి రానివ్వరని తెలిసిన కుక్కలా, గడప దగ్గర ఆగి అటూ ఇటూ చూసి వెనక్కి పోతోంది. మధ్యాహ్నం కునుకు తీసి లెక్కల మాస్టారు వచ్చేస్తాడు. ఈసారి ఒట్టి చేతులతో వెళ్ళనని పొద్దున ఫోన్‌లో చెప్పేశాడు. ఈలోగా తేలాలి, పోయింది పెట్టో, తనో.

లెక్కల మాస్టారంటే ఇప్పుడు లెక్కలు చెప్పే మాస్టారేం కాదు, అది మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు ఆయన ఉద్యోగమల్లా పొద్దున్నా సాయంత్రం ఈ ఆంప్లిఫయర్ ముందు కూర్చోవడమే. సూట్‌కేసంత ఇనప పెట్టె, వెండిరంగు మొహం, ఆ మొహం నిండా బొత్తాలు, దానికి జతగా నడుమెత్తు చెక్క స్పీకర్లు రెండు. వాటికి మూల మూలలా చెక్క పెచ్చులూడింది గాని గొంతు మాత్రం ఇంకా పడుచుదే. కుడివైపు గరగరమంటోందని తెచ్చి దించాడు. గరగర పట్టడం ఎంతసేపు, తిప్పుడు స్విచ్చిలో మురికి పేరుకుంది, లోపల ఒకచోట సోల్డరింగు చిట్లింది, ఆ పూటే అయిపోయింది. ఆ పూటే ఇచ్చేసి ఉంటే పీడా పోయేది. కాని ఏ పెట్టె బయటికి పంపాలన్నా గురువు నేర్పిన పద్ధతి ఒకటుంది, దాన్ని దాటి ఈ కొట్లోంచి ఒక్క సెట్టు బయటికి పోలేదు. మోనో బొత్తాం నొక్కితే రెండు స్పీకర్లలోనూ ఒకే గొంతు వస్తుంది, బ్యాలెన్సు బొత్తాం ముల్లు నిటారుగా పెట్టాలి, రెండు స్పీకర్లకీ సమానదూరంలో కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకోవాలి. పాడేవాళ్ళు సరిగ్గా మన ముక్కుకి ఎదురుగా వచ్చి నిలబడాలి. నిలబడకపోతే లోపల ఎడమవైపు బలాన్ని పెంచే తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పుతూ, గొంతుని భుజం పట్టుకుని తెచ్చి మధ్యలో నిలబెట్టాలి. మీటరు పెట్టి చూడొచ్చు కదా అంటే గురువు నవ్వేవాడు, మీటరు కరెంటుని కొలుస్తుందిరా, పాటని కొలవదు, పాట వినేది మీటరు కాదు కదా అని. ఏడో క్లాసులో పుస్తకాలు పక్కింటివాళ్ళకిచ్చేసి వచ్చి ఈ బల్ల ముందు కూర్చున్నవాడికి అంతకంటే గొప్ప చదువు ఏముంటుంది. పదిమంది మెకానిక్కులు మీటర్లు పట్టుకుని తికమకపడుతుంటే తను ఒక్క క్షణం తల వంచి విని, ఫలానాది పోయిందనేవాడు, అదే పోయి ఉండేది. అలా వచ్చిందే ఆ పేరు, చెవిమేస్త్రి అని. కొట్టుకి బోర్డు లేదు, అక్కర్లేకపోయింది.

అయితే ఈ సెట్టుకి స్క్రూ తిప్పుతూ పోతే అది చివరికి వచ్చేసింది, ఇంక తిరగనంటోంది, అప్పటికీ ఎడమవైపు చాలలేదు. ఎడమ పెట్టెలో జబ్బుంది మాస్టారూ, రెండ్రోజులు ఉంచండి అన్నాడు. ఆ రెండ్రోజులు సాగి సాగి ఎంతయిందో ఇద్దరికీ విసుగే. "ఏమయ్యా, గరగర పోయిందిగా, ఇచ్చెయ్యరాదూ. ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఏం లేదు, అది వినలేక చస్తున్నాను," అన్నాడు మాస్టారు మొన్న గుమ్మంలో నిలబడి. "బాగవకుండా ఇస్తే నా పేరు పోతుంది మాస్టారూ." "నీ పేరుకేం, అది నాకంటే గట్టిది. నేనే పోయేట్టున్నాను." నవ్వాడు గాని ఆ నవ్వు అడుగున అనుమానం ఉంది, వీడు నా పెట్టెలో మంచి సామాన్లు మార్చేస్తున్నాడేమోనని. ఆ అనుమానమే నిజమైనా బాగుండును, దొంగతనమైతే ఒప్పుకుని వదిలించుకోవచ్చు. ఎడమ పెట్టె వెనక చెక్క విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు, నిక్షేపంలా ఉన్న కెపాసిటర్ని పీకి కొత్తది వేశాడు, స్పీకరు లోపలి అట్టకోను అంచు వదులైందేమోనని వేలితో తడిమాడు, అదీ గట్టిగానే ఉంది. రోగం లేనివాడికి ఆపరేషను చేసే డాక్టరు మొహం ఎలా ఉంటుందో అద్దంలో చూసుకోనక్కర్లేకుండానే తెలిసింది. స్క్రూని మధ్యకి తెచ్చి, ఆంప్లిఫయర్ వెనక తీగలు మార్చాడు, లోపం ఆంప్లిఫయర్‌దైతే కుడివైపుకి మారాలి, మారలేదు. సరే, స్పీకరుదే అని సంతోషించాడు. పెట్టెల్నే చోట్లు మార్చాడు, లోపం స్పీకరుదైతే దాంతోపాటు కుడివైపుకి నడిచి రావాలి, రాలేదు. ఏది తెచ్చి ఎడమవైపు పెట్టినా అది మూగబోతోంది. అన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టి, స్క్రూని చివరికంటా తిప్పి కూర్చున్నాడు. తన జీవితంలో ఎన్ని చెడిపోయిన యంత్రాల ముందు కూర్చుని బాగైపోవే తల్లీ అని బతిమాలాడో లెక్కలేదు గాని, ఇలా చెడిపోయి ఉండవే అని బతిమాలడం ఇదే మొదలు.

అసలు స్క్రూ సంగతి ఈ సెట్టుతో మొదలైందా అంటే కాదు. ఎప్పటినుంచో ఏ సెట్టు వచ్చినా ఎడమవైపు కాస్త తిప్పాల్సి వస్తోంది, పాతబడ్డాయి కదా అనుకున్నాడు, తర్వాత ఇంకాస్త, తర్వాత సగం. అన్ని కంపెనీల ముసలి పెట్టెలూ కూడబలుక్కుని ఒకే వైపు ముసలివయ్యాయా? ఈ ప్రశ్న ఇవాళ అడుగుతున్నాడు, అప్పుడు అడగలేదు. మంగలి తన షాపులో సెట్టు పట్టుకెళ్ళి వారం తిరక్కుండా వచ్చాడు, "అన్నా, పాట ఎడమ పక్కకి ఒరిగిపోయిందేంటి. బొత్తాం కుడికి తిప్పుకుంటేగాని కుదురుకోవట్లే," అని. "మీ షాపు నేలే ఒరిగుంటుంది, చూస్కో," అన్నాడు తను. అక్కడున్నవాళ్ళు నవ్వారు. మంగలి కూడా నవ్వాడు గాని, ఆ తర్వాత ఇటు రాలేదు, జుట్టు కత్తిరించేటప్పుడు కూడా అదివరకులా మాట్లాడటం లేదు. లేక మాట్లాడుతున్నాడేమో, ఎడమ పక్క నిలబడి. టీ కొట్టువాడు వచ్చాడు, అదే మాట. వాడికి, చెవుల్లో గుబిలి తీయించుకో అని సలహా చెప్పాడు. నాట్యం నేర్పే టీచరమ్మ, పాపం, మెత్తని మనిషి, "మేస్త్రిగారూ, పిల్లలందరూ అటువైపే జరిగి ఆడుతున్నారండీ," అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని ఆవిడ మొహం మీదే అనేశాడు. ఆవిడ మొహం. ఆ మొహం ఇప్పుడు బల్ల మీద దీపం కింద వచ్చి కూర్చుంది. ఈ వీధిలో, పై వీధిలో, ఎన్ని గదుల్లో పాటలు ఎడమకి ఒరిగి మోగుతున్నాయో, ఎంతమంది ఆ ఒరుగుని భరిస్తూ, పెద్ద మేస్త్రి చేశాడు కదా, మన చెవుల్లోనే ఏదో ఉందిలే అని సరిపెట్టుకుంటున్నారో. ఊరందరి పాటల్నీ తన ఒక్క చెవికి కొలిచి కుట్టేశాడా?

ఛ, అదేం కాదు. జలుబు చేసి ఉంటుంది. నీళ్ళు పోయి ఉంటాయి. నిన్న తలంటుకున్నాడు కదా. కాని మొన్న తలంటుకోలేదు, అంతకుముందూ లేదు. ఫోను ఎప్పుడూ ఎడమ చెవి దగ్గర పెట్టుకునేవాడు, కుడిచేత్తో పని చేసుకోవచ్చని. ఈమధ్య అవతలివాళ్ళు నూతిలోంచి మాట్లాడినట్టుంటే ఫోను పాడైందని కుడి చెవికి మార్చాడు, అప్పుడు బాగైంది, ఫోనే బాగైందనుకున్నాడు. కుడిపక్కకి తిరిగి పడుకుంటే హాయిగా నిద్రపడుతోందని, ఎడమపక్కకి తిరిగితే కుక్కలూ, కుళాయీ, పక్కింటి దగ్గూ అన్నీ వినిపిస్తున్నాయని, గుండెకి కుడిపక్క పడుకోవడమే మంచిదట అని బావమరిదికి ఉపదేశం కూడా చేశాడు. వాడికా, ఉపదేశం. వాడు పెద్ద షాపులో తీగల్లేని బుల్లి స్పీకర్లు అమ్ముతాడు, జామకాయంత ఉంటుంది ఒక్కోటి. "బావా, ఇప్పుడు రిపేరనేదే లేదు. పోతే పారెయ్యడమే. వచ్చి మా కౌంటర్లో కూచో, ఏసీలో ఉంటావు, బిల్లు కొట్టడమేగా," అంటాడు. "దానికి కుడీ ఎడమా ఉందిట్రా?" అన్నాడు తను, వెటకారంగా. "లేదు బావా. ఒకటే గొంతు, ఎక్కడ పెడితే అక్కడే మధ్య." ఆ మాటకి ఎంత అసహ్యమేసిందో ఇవాళ ఆ జామకాయ అంత ముద్దొస్తోంది. దాని ముందు ఒక చెవి ఉన్నవాడూ, రెండు చెవులున్నవాడూ ఒకటే.

నాన్నకి రెండూ పోయాయి. పిండిమర తినేసింది. మర పట్టిన పిండి ఆయన కనుబొమల మీద ఉండేది, మర చప్పుడు చెవుల్లో ఉండిపోయింది. కొట్టలేదు, తిట్టలేదు, నవ్వుతూ తలూపేవాడు, ఏం చెప్పినా ఊపేవాడు. ఇంట్లో ఆయన్ని ఎవరూ చిన్నచూపు చూళ్ళేదు, అసలు చూడ్డమే మానేశారు. స్తంభం ముందు మాట్లాడుకున్నట్టు ఆయన ముందు అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. అక్క పెళ్ళి కుదిరిన సంగతి ఆయనకి దర్జీ వచ్చి చొక్కాకి కొలతలు తీసుకుంటున్నప్పుడు తెలిసింది. ఎందుకూ చొక్కా, అని అడిగాడు, అమ్మ చెవిలో అరిచింది, ఆయన తలూపాడు, నవ్వాడు. కొలతల కోసం చేతులు రెండూ చాపి నిలబడ్డ ఆ మనిషి. మొన్న ఈ కొట్టు అద్దెకిచ్చిన యజమాని ఎడమపక్కనుంచి వచ్చి ఏదో అన్నాడు. మళ్ళీ చెప్పమనడం దేనికని తను తలూపాడు, మర్నాడు చూస్తే గుమ్మానికి అడ్డంగా వాళ్ళబ్బాయి మోటారు బళ్ళు. "నువ్వేగా సరేనన్నావు," అన్నాడాయన. సరేననలేదు, వినపడలేదు, కాని రెండూ ఒకేలా కనిపిస్తాయి బయటికి. ఇంక అంతేనా. ముందు బళ్ళు వస్తాయి, తర్వాత మనుషులు తన ముందే మాట్లాడుకుంటారు, తర్వాత దర్జీ వస్తాడు. చెవిమేస్త్రికి చెవుడట అని టీ కొట్టు దగ్గర ఒక్కడన్నాడంటే చాలు, ఆ జోకుని ఊరు తరతరాలు చెప్పుకుంటుంది, ఎందుకంటే బాగుంటుంది ఆ జోకు, తనే అయినా చెప్పుకునేవాడు. టేపు అయిపోయింది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. కుర్చీ చెక్కచేతుల్ని పట్టుకున్నాడు. నాలుగు కాళ్ళ కుర్చీ, గచ్చు మీద ఒక్క తిప్పు. గచ్చు గీరుకుంటుందేమో అనుకున్నాడు. గచ్చంతా గీతలే.

బల్ల మీద నీడ పడితే తలెత్తాడు. భార్య, చేతిలో భోజనం డబ్బా. "ఎన్నిసార్లు పిలవాలండీ," అంటూ అతని వెనకనుంచి చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చి, అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. తిన్నగా వస్తే ఎడమపక్క బెంచీ ఖాళీగానే ఉంది. ఆ బెంచీ మీదే కూర్చునేది ఇదివరకు.

"ఈ పీట ఎప్పుడొచ్చింది ఇటువైపు?"

"ఎప్పటినుంచో ఇక్కడే ఉంది. తింటారా, మాస్టారొచ్చాక తింటారా?"

"ఇలా వచ్చి కూచో."

"ఎక్కడ?"

"కుర్చీలో."

"మీ కుర్చీలోనా? పొద్దు ఎటు పొడిచిందో ఇవాళ," అంటూనే కూర్చుంది, ముందు కొంగుతో దాని దుమ్ము దులిపి. అతను పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. కళ్ళు మూసుకోమన్నాడు, ఆవిడ ఎక్కడ నిలబడి పాడుతోందో చెప్పమన్నాడు. ఏ ఆవిడ అంది. పాడే ఆవిడ అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింద కళ్ళు కదులుతున్నాయి. ఎన్నో ఏళ్ళ క్రితం ఆసుపత్రి వసారాలో నర్సు బయటికి వచ్చేదాకా ఇలాగే నిలబడ్డాడు, అప్పుడు కూడా రెండే జవాబులుండేవి, ఇదీ లేకపోతే అదీ.

"ఆ మూల నిలబడింది," అంది చెయ్యి చాపి. ఎడమ మూల. "ఎవరిమీదో కోపమొచ్చినట్టు అక్కణ్ణించే అరుస్తోంది. కుడి పెట్టె మోగుతోందా అసలు?"

"సరిగ్గా విను."

"సరిగ్గానే వింటున్నానండీ."

"నీకేం తెలుసు."

"నాకేం తెలీదు. అందుకే అడిగారనుకున్నా," అని కళ్ళు తెరిచింది.

ఆమెని లేపి, కుర్చీని పట్టుకుని తిప్పాడు. గచ్చు గీరుకుంది. పెట్టెలకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా వీధి, యజమాని కొడుకు బళ్ళు, గోడ మీద ఎండ. ఎడమ పెట్టె, ఇన్నాళ్ళూ మూగదని తను కోసి కుట్టిన ఎడమ పెట్టె, ఇప్పుడు కుడి చెవిలోకి తలుపు బద్దలుకొట్టుకుని వచ్చినట్టు వచ్చింది, అంత గొంతుందా దానికి, అంత గొంతు తనే ఇచ్చాడా. రెండో వైపు ఏమీ లేదు. రెండో వైపు ఎవరో గోడ అవతల, ఆ గోడకి అవతల, దుప్పటి కప్పుకుని పాడుతున్నారు. అలాగే కూర్చున్నాడు. వింటూ కూర్చున్నాడు అనడానికి లేదు. ఎండ గోడ మీదనుంచి కాస్త జరిగింది. భయం ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటే అది పోలేదు, పొద్దుటినుంచి నిలబడి ఉన్నది కాస్తా ఒళ్ళో కూర్చుంది, అంతే.

"నీకెప్పటినుంచి తెలుసు?" అన్నాడు వీధినే చూస్తూ.

ఆమె డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టింది. "చెప్పాను మీకు. రెండుసార్లు చెప్పాను. అటుపక్కనుంచి చెప్పినట్టున్నా."

నవ్వాలో ఏడవాలో తెలియని చోట మనిషికి దగ్గొస్తుంది. దగ్గాడు. దగ్గి, లేచి, కుర్చీని మామూలుగా తిప్పి ఆమెని మళ్ళీ కూర్చోబెట్టాడు. స్క్రూడ్రైవరు తీసుకుని ఆంప్లిఫయర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. "నేను తిప్పుతుంటాను. ఆవిడ నీ ముక్కుకెదురుగా వచ్చినప్పుడు చెప్పు. ముందు కాదు, తర్వాత కాదు." "నాకు భయమేస్తోందండీ, తప్పు చెప్తే?" "చెప్పు, పర్లేదు." స్క్రూ తిప్పాడు. ఇంకా, అంది ఆమె. ఇంకా. వస్తోంది, నడిచి వస్తోంది, కొంచెం ఇటు, మీరు దాటించేశారు, వెనక్కి, ఆఁ, వెనక్కి. తను గురువు ముందు ఇలాగే అనేవాడు, గురువు స్క్రూ తిప్పుతుంటే, కుర్చీలో తను, గొంతు మధ్యకొచ్చినప్పుడు ఒళ్ళు జలదరించేది, లేని మనిషి గాలిలో నిలబడేది, మొహం తప్ప అన్నీ ఉండేవి ఆ మనిషికి. ఇప్పుడు ఆమె వస్తోంది అన్నకొద్దీ అతనికి ఆ గొంతు పోతోంది, ఒక్కో జానా కుడివైపుకి జరుగుతోంది, కుడి పెట్టె దగ్గరికి చేరింది, ఆ పెట్టెలోకి దూరిపోయింది. ఎడమ సగం గదిలో ఏమీ లేదు. చెయ్యి దానంతటది స్క్రూని వెనక్కి తిప్పబోయింది.

"ఆపండి," అంది ఆమె. మూసుకున్న కళ్ళతోనే, చాలా మెల్లగా. "ఇక్కడుంది. నా ఎదురుగా నిలబడింది."

అతనికి ఏదీ సరిగా లేదు. అన్నీ తప్పుగా ఉన్నాయి. స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

మాస్టారు వచ్చేసరికి మూత బిగించడం కూడా అయిపోయింది. ఆయన చెప్పుల చప్పుడు వినపడలేదు, భార్య కుర్చీలోంచి లేచి నిలబడితే చూశాడు. మాస్టారు ఆ కుర్చీలో కూర్చుని, బ్యాలెన్సు ముల్లు నిటారుగా ఉందో లేదో కళ్ళజోడు పైకెత్తి చూసుకుని, వింటూ, చేతికర్ర మీద గడ్డం ఆనించి అలాగే ఉండిపోయాడు. పాట అయ్యాక, "కుదిరిందయ్యా. ఇంత నిఖార్సుగా ఎప్పుడూ లేదు," అన్నాడు. తర్వాత, లెక్కలు చెప్పినవాడు కదా, జవాబు ఒక్కటీ చాలదు ఆయనకి, "ఇంతకీ ఏం పోయింది దీంట్లో?"

కెపాసిటర్ అని నాలుక చివర ఉంది. అబద్ధం కూడా కాదు, మార్చిన కెపాసిటర్ బల్ల మీద కనిపిస్తూనే ఉంది, అది పోయిందో లేదో కనిపెట్టేవాడు ఈ ఊళ్ళో తను తప్ప ఎవడూ లేడు. భార్య వంగి డబ్బా సర్దుతోంది, ఇద్దరివైపూ చూడటం లేదు.

"దాంట్లో ఏం పోలేదు మాస్టారూ. నా ఎడమ చెవి పోయింది. అది తెలియక మీ పెట్టెని కెలికాను. ఇప్పుడు మా ఆవిడ విని చెప్తే సరిచేశాను."

మాస్టారు కర్ర ఊతతో లేచాడు. అతని ఎడమపక్కగా, స్పీకరు దగ్గరికి వెళ్ళి దాని చెక్క మీద చెయ్యేసి నిలబడి, ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి, చాలాసేపే కదిలాయి. తిట్టో, ఓదార్పో, ఇంకెవరికీ చెప్పననో, ఊరందరికీ చెప్తాననో. మొహం చూస్తే ఏదైనా అయి ఉండొచ్చు.

"ఇటువైపు వచ్చి చెప్పండి మాస్టారూ," అన్నాడు అతను. "అటునుంచి చెప్తే నాకు వినపడదు."